బుడగ కోసిన రోజు

నా చేతి రంగు లేవదని, అంటే నేను బండికి కొట్టిన రంగు పొంగదు, పెచ్చులూడదు అని, వరంగల్‌లో నాకో పేరుండేది. ఆ పేరు ఊరు పెట్టింది కాదు, నేనే పెట్టుకున్నాను. షెడ్డుకు బండి తెచ్చిన ప్రతివాడికీ నేనే చెప్పేవాణ్ణి, వాడు ఇంకొకడికి చెప్పేవాడు. చివరికి ముక్కూమొహం తెలియని మనిషెవరో వచ్చి "నీ చేతి రంగు లేవదట గద" అంటే, మొదటిసారి వింటున్నట్టు మురిసిపోయేవాణ్ణి.

పని మానేసి నాలుగేళ్లయింది. మోకాళ్లు మొరాయించాయి. ఛాతీ ఫోటో చూసిన డాక్టరు ఇంక థిన్నర్ వాసన దగ్గరికి పోవద్దన్నాడు. రంగు పని నేర్చుకుంటున్న తమ్ముళ్లు ఇప్పటికీ ఇంటికొచ్చి రంగు కొట్టే గన్ను ఎంత దూరం పట్టాలి, ప్రైమర్ మీద ఎంతసేపు ఆగాలి అని అడుగుతుంటారు. తెలిసినంత చెబుతాను. వాళ్లు ఎన్నడూ అడగని సంగతి ఒకటి నా దగ్గరుంది. దాన్ని నోటితో ఒకసారి చెప్పి చూశాను, పని జరగలేదు. అందుకే రాస్తున్నాను.

మా షెడ్డు ఖిలా వరంగల్ పోయే దారిలో, మట్టికోట కట్టకు ఇవతల ఉండేది. పైన రేకులు, మూడు దిక్కుల గోడ, నాలుగో దిక్కు రోడ్డు. షెడ్డు ఓనరు స్వయంగా సొట్టలు తీసే డెంటింగ్ పని చేసేవాడు. ఆయన సుత్తికి ఎంత చప్పుడో నోటికీ అంతే. నేను రంగు పని. మూడో మనిషి ఫైబర్ మేస్త్రి. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. రఘునాథపల్లి దగ్గరి పల్లె నుంచి రోజూ పొద్దున బస్సులో వచ్చేవాడు. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ఇరవై ఏళ్లు ఒకే గంజులో చాయ్ కాచుకొని తాగాం.

విడిభాగాలు దొరకని పాత బండ్లకు మేస్త్రే దిక్కు. తుప్పు పట్టిన బానెట్ తెచ్చిస్తే, దాన్ని సాపుచేసి దాని మీద నుంచి అచ్చు తీసేవాడు. అచ్చుకు మైనం రుద్ది, మొదట పైపొర పూసి, దాని మీద గాజు నారచాప పరిచి, రెసిన్ జిగురులో దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ కలిపి బ్రష్షుతో అద్దేవాడు. హార్డ్‌నర్‌కు ఆయన కొలత ఒక చిన్న ప్లాస్టిక్ మూత. ఏ సీసాదో కూడా గుర్తులేని ఎర్ర మూత. డబ్బాకు ఎన్ని మూతలో ఎండను చూసి, వానను చూసి లెక్కకట్టేవాడు. గట్టిపడ్డాక చుట్టూ చేత్తో తట్టితే బానెట్ అచ్చులోంచి ఇడ్లీ ఊడినట్టు ఊడివచ్చేది.

ఆ పని ఎంత చక్కనిదో అంత పాడుది. నార ధూళి ఒంటికి తగిలితే మూడు రోజులు దురద. ఆయన బట్టలు ఆయన భార్య, మా వదినె, ఇంట్లో వాళ్ల బట్టలతో కలపకుండా వేరే ఉతికేది. ఇక రెసిన్ ఘాటు. ఏళ్ల తరబడి దాన్ని పీల్చి పీల్చి మేస్త్రికి వాసన అనేదే తెలియకుండా పోయింది. "మా ఇంట్ల పప్పు మాడినా నాకు పండుగే తమ్మీ, ఎప్పుడూ ఒక్కతీరే ఉంటది" అని నవ్వేవాడు.

నవ్వేవాడు గానీ, ఆ పనికి ముక్కు లేకపోతే కష్టం. హార్డ్‌నర్ సరిగ్గా పడితే రెసిన్ లోపలిదాకా గట్టిపడి వాసన చచ్చిపోతుంది. తక్కువ పడితే పైకి గట్టిగా ఉన్నా వెనకవైపు ఘాటు మిగులుతుంది. అందుకని మా ఇద్దరి మధ్య ఒక అలవాటు ఏర్పడింది. అచ్చు నుంచి తీసిన ప్రతి ముక్కనూ ఆయన నా దగ్గరికి తెచ్చి వెనకవైపు తిప్పి పట్టేవాడు. నేను వంగి వాసన చూసేవాణ్ణి. పోయిందనిపిస్తే "ఉడికింది" అనేవాణ్ణి. మిగిలిందనిపిస్తే "పచ్చిగున్నది" అనేవాణ్ణి, ఆయన దాన్ని ఇంకో రెండు రోజులు ఎండకు పెట్టేవాడు. ఒక్కసారి కూడా నా మాటకు ఎదురు చెప్పలేదు. ఈ సంగతి ఓనరుకు కూడా తెలుసు. చెయ్యి ఆయనది, ముక్కు నాది అని పండుగ పూట మందు తాగి చెప్పుకొనేవాళ్లం.

మేం కలిసి పనిచేసిన ఇరవయ్యో ఏడాది వానలు వదలకుండా కొట్టాయి. హనుమకొండలో బట్టల దుకాణం ఉన్న ఒక సేటు, తన తండ్రి ఎప్పుడో కొన్న పాత కారు తెచ్చాడు. బానెట్, ముందటి మడ్‌గార్డులు రెండూ జల్లెడలా ఉన్నాయి. "ఫైబర్‌వి చేసి రంగెయ్యిండ్రి. దసరా పూజకు బండి మా వాకిట్ల ఉండాలె. బాపుకు ఇప్పుడు మనుషులు గుర్తులేరు, ఈ బండి ఒక్కటే గుర్తున్నది" అన్నాడు. దసరాకు నెల కూడా లేదు.

మేస్త్రి తన పని తొందరగానే ముగించాడు. ముక్కలు మూడూ తెచ్చి నాకు పట్టాడు. నేను వాసన చూసి "ఉడికింది" అన్నాను. నిజంగానే ఉడికాయి. ఆయన వాటి మీది మైనమంతా పోయేలా సబ్బు నీళ్లతో రెండుసార్లు కడిగి, తుడిచి, ఆరబెట్టి నాకు అప్పగించాడు. అప్పగిస్తూ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు.

"పైపొర తెగనంతసేపు నీళ్ల కాగితంతోని రుద్దు, ఏం గాదు. పొర తెగి నార కనపడ్డదంటే పొడి కాగితమే పట్టు. దూప మీదున్న గొడ్డు లెక్క ఉంటది నార. నీళ్లు సూపిచ్చినవంటే తాగుతనే ఉంటది."

నాకు తెలియని మాట కాదు. నీళ్ల కాగితమంటే తడిపి రుద్దే గరుకు కాగితం, దానితో ధూళి లేవదు. కానీ అంచుల దగ్గర, మలుపుల దగ్గర రుద్దుతుంటే పొర తెగి నార బయటపడింది. పొడి కాగితం పట్టాలంటే ధూళి, దురద. చేతులకు అప్పటికే పొక్కులున్నాయి. ఇంత చిన్న జాగకేమవుతుందని నీళ్ల కాగితంతోనే లాగించాను. పోనీ రుద్దిన తర్వాతైనా వారం పది రోజులు ఎండకు పెట్టి ఉంటే నీరు పోయేది. వానాకాలంలో ఎండెక్కడిది? ఒక్క పూట పొడిగా ఉంటే ఆ పూట బయట పెట్టి, చేత్తో నిమిరి చూసి, ఆరిందనుకొని పుట్టీ, ప్రైమర్, రంగు వరసగా కొట్టేశాను.

దసరా నాడు ఆ బండి సేటు వాకిట్లో మెరిసింది. మమ్మల్ని కూడా పిలిచారు. సేటు వాళ్ల నాన్నను ఇద్దరు పట్టుకొని తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఆయన స్టీరింగు కాసేపు తడిమి, దిగి బానెట్ మీద చెయ్యి వేసి, "కొత్తగైంది" అన్నాడు. మేస్త్రి కళ్లు తుడుచుకోవడం చూశాను. జమ్మి ఆకు చేతిలో పెట్టి కౌగిలించుకొని, "ఇద్దరం కలిసి చేసినం తమ్మీ" అన్నాడు.

వానలు వెనక్కి పోయి ఎండలు కాయడం మొదలైంది. దీపావళి ఇంకా రాలేదు, బండి షెడ్డుకు తిరిగివచ్చింది. బానెట్ అంచుల వెంట, మడ్‌గార్డుల మలుపుల్లో అప్పడం పొంగినట్టు బుడగలు. చూడగానే నాకు అర్థమైంది. ఎక్కడెక్కడ పొర తెగిందో సరిగ్గా అక్కడే పొంగింది. ఆ బుడగల వరస నా చెయ్యి తిరిగిన దారే.

సేటు గొడవ చేయలేదు. చేసినా బాగుండేది. "పొద్దుగాల బాపు చెయ్యితోని తడిమి, ఇదేందిరా అన్నడు. ఏం చెప్పాలె?" అని మాత్రం అన్నాడు. ఓనరు మా ఇద్దరినీ చూశాడు. ఆ మధ్య దుకాణాల్లో దొరుకుతున్న తయారు ఫైబర్ ముక్కల మీద ఆయనకు మనసు పోతుండేది. రంగు మనిషి లేకుండా షెడ్డు నడవదు, ఫైబర్ మనిషి లేకుండా నడవవచ్చు. అది మాకిద్దరికీ తెలుసు.

"ఎవలి తప్పు ఇది?" అన్నాడు ఓనరు.

మేస్త్రే అన్నాడు.

"కోసి సూద్దాం. ఉత్త నీళ్లయితే రంగు దిక్కు తప్పు. రెసిన్ వాసనొస్తే తప్పు నాది. తమ్మీ, నువ్వే సూడు. నాకు తెల్వదు గద."

బ్లేడు తీసుకొని బానెట్ మీది పెద్ద బుడగ కోశాను. ఒక్క చుక్క బయటికొచ్చింది. వేలికి అద్దుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. నల్లా నీళ్లెట్లా ఉంటాయో అట్లా ఉంది. సేటు, ఓనరు, మేస్త్రి ముగ్గురూ నా మొహం వైపే చూస్తున్నారు. నా చేతి రంగు లేవదన్న మాట ఆ ముగ్గురికీ నేనే ఎన్నోసార్లు చెప్పి ఉన్నాను.

"రెసిన్ వాసనే వస్తాంది అన్నా. లోపల పచ్చిగనే ఉన్నది" అన్నాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారడం కాదు. తెలిసి తెలిసి అన్న మాట.

మేస్త్రి వంగి ఆ బుడగను చూశాడు. "మరి ఆనాడు ఉడికిందన్నవు గద తమ్మీ?" అని అడిగాడు. అనుమానంతో కాదు, లెక్క ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నవాడిలా అడిగాడు.

"ఆనాడు జర జలుబుండె అన్నా. సరిగ్గ తెల్వలే."

ఒక అబద్ధానికి ఇంకొకటి కాపలా. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "అయ్యో, జలుబుల గూడ నీకు పని చెప్పిన" అన్నాడు. తర్వాత సేటు దిక్కు తిరిగి చేతులు జోడించాడు. "హార్డ్‌నర్ తక్కువ పడ్డట్టున్నది సేటూ. వానకాలం అంచనా తప్పింది. ముసలాయనకు నా తప్పని చెప్పుండ్రి."

ఆ మధ్యాహ్నం అన్నం గిన్నెలు తెరిచి పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన మామిడికాయ తొక్కులో సగం ఎప్పటిలాగే నా గిన్నెలో వేశాడు. అప్పుడైనా చెప్పవచ్చు. తొక్కు కలుపుకొని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుగు రోజులు పోతే అంతా సర్దుకుంటుందని, ఓనరు రెండు మాటలని మరిచిపోతాడని, మేస్త్రి మళ్లీ అచ్చుకు మైనం రుద్దుకుంటాడని నాకు నేను చెప్పుకున్నాను.

తెల్లారి షెడ్డుకు పోయేసరికి ఆయన నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. వెనక గోడకు ఆనించిన అచ్చులన్నీ బయటికి తెచ్చి వరసగా పెట్టాడు. బానెట్లవి, మడ్‌గార్డులవి, డిక్కీ మూతలవి. ఏళ్లకేళ్లు పోగుచేసినవి. కొన్నిటికి అసలు బండ్లే ఇప్పుడు లేవు. చేతిలో రంపం ఉంది.

"ఏం చేస్తానవన్నా?" అన్నాను.

"కోస్తాన తమ్మీ. ఇవి కండ్ల ముందట ఉంటే మల్ల ఆశ పుడ్తది. వాసన తెల్వనోడు రెసిన్ ముట్టద్దు. ఇన్నొద్దులు నీ ముక్కు మీద బతికిన, అది గూడ నీకు బరువే గద. జర ఆ కొస పట్టుకో, ఊగుతాంది."

పట్టుకున్నాను. తమ్ముళ్లారా, ఇది రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆయన రంపం లాగుతుంటే సేటు బండి బానెట్ అచ్చు రెండో కొసను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. సగం కోయగానే చెబుదామనుకున్నాను. సగం అయ్యాక, ఇప్పుడు చెప్పి ఏం లాభం, అచ్చు పోనే పోయింది అనుకున్నాను. రెండో అచ్చు, మూడో అచ్చు. ప్రతిదానికీ అదే లెక్క. పొద్దెక్కేసరికి ఒక్కటీ మిగల్లేదు. ముక్కలన్నీ ఆయనే చక్కగా పేర్చి, కింద రాలిన ధూళి ఊడ్చి, చేతులు కడుక్కొని, ఓనరుకు దండం పెట్టి బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ బండి రంగంతా నేనే గీకాను. ముక్కలు మూడూ కోట కట్ట మీద మంచి ఎండలో పదిహేను రోజులు పెట్టాను. ఈసారి పొడి కాగితం తప్ప వేరే ముట్టలేదు. చేతులు పుండ్లయినా వదల్లేదు. ఆ రంగు ఇవాళ్టికీ లేవలేదు. లోపల రెసిన్ పచ్చిగా ఉంటే బుడగలు ఒక్క అంచుల వెంటే కాదు, ముక్కంతా లేవాలని ఓనరుకు తట్టలేదో, తట్టినా ఊరుకున్నాడో నాకు తెలియదు. సేటు వచ్చి చూసి, "నీ చెయ్యి చెయ్యే" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నవాడికి శాలువా కప్పినట్టయింది. ఆ తర్వాత నాకు పని రెట్టింపయింది.

మేస్త్రి మళ్లీ షెడ్డు వైపు రాలేదు. నేనూ పోలేదు. ఎదురుపడితే ఏమంటానో తెలియక పోలేదు. పని మానేసి ఇంట్లో కూర్చున్నాకే, మరిచిపోవడానికి పని లేకపోయేసరికి, ఒకరోజు రఘునాథపల్లి బస్సెక్కాను.

ఇంటి ముందు మంచం మీద కూర్చొని కందికాయలు ఒలుస్తున్నాడు. బక్కగా అయ్యాడు. నన్ను చూసి లేవబోతే నేనే ఆపాను. వదినె నీళ్లిచ్చి, "ఊళ్లె నీళ్ల ట్యాంకు పగిలితే అతుకమని వచ్చిండ్రు మరిదీ. ఫైబర్‌ది. ముట్టనని పంపిచ్చిండు. ఇంట్ల బకెట్ పగిలినా ముట్టడు" అంది. ఆ మాట విన్నాక ఇంక ఆగలేకపోయాను.

"అన్నా, ఆ బుడగల రెసిన్ వాసన లేకుండె. ఉత్త నీళ్లే. నేను నార మీద నీళ్ల కాగితం పెట్టిన. ఆరనియ్యలే. తప్పు నాది. నేను అబద్ధమాడిన" అన్నాను.

ఆయన కందికాయ ఒలవడం ఆపి నా మొహం చూశాడు. తర్వాత నవ్వాడు. అది నన్ను క్షమించే నవ్వు కాదు, జాలిపడే నవ్వు.

"ఇన్నేండ్లు నా బాధ కడుపుల పెట్టుకున్నవా తమ్మీ? నేను పని బంద్ జేసినని రంది పెట్టుకొని, గిప్పుడొచ్చి తప్పు నీ మీద ఏస్కుంటానవు. నాకేం ఫికర్ లేదు. మంచిగనే ఉన్న."

"కాదన్నా, ఒట్టు. అవే ముక్కలు ఇయ్యాళ్టికి బండి మీదున్నయి. పచ్చియే అయితే ఉండునా?"

"నువ్వు గీకి మంచిగ ఎక్కిచ్చినవు, నిలిచినయి. నీ చేతి రంగు లేవదని ఊరంత అంటది గద."

నేను పెట్టుకున్న పేరు నాకే అడ్డం వచ్చింది. ఎన్ని విధాల చెప్పినా ఆయన తలూపుతూ నవ్వుతూనే ఉన్నాడు. చివరికి, "సరే తియ్. నీళ్లో రెసినో, ఆ వాసన ఇప్పుడు నాకు సూపిస్తవా? సూపిచ్చినా నాకు తెలుస్తదా?" అన్నాడు. ఎవరి ముక్కు మీద ఆయన ఇరవై ఏళ్లు నమ్మకం పెట్టుకున్నాడో, ఆ మనిషి అబద్ధమాడి ఉంటాడని నమ్మడం ఆయన వల్ల కాలేదు. లోపల గడప దగ్గర వదినె కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. వచ్చేటప్పుడు కందికాయలు సంచీలో పోసి ఇచ్చారు.

మొన్న చలికాలం చివర ఆయన పోయాడు. ఊపిరి ఆడక దవాఖానలో నాలుగు రోజులున్నాడట. నాకు కబురు ఆలస్యంగా అంది. పదకొండో రోజుకు పోయాను. పందిరి కింద చుట్టాలంతా కూర్చొని ఉన్నారు. వదినె నన్ను చెయ్యి పట్టి తీసుకుపోయి అందరి ముందు నిలబెట్టింది.

"ఈయనే. మా మరిది లెక్క. మా ఆయన తప్పును తన మీద ఏస్కోనీకి ఇంత దూరం బస్సెక్కి వచ్చిండు. గసొంటి మనిషిని సూడలేదని పోయేదాంక అంటనే ఉండె."

"కాదు వదినె, అది నిజంగనే..." అన్నాను.

"సూసిండ్రా, ఇప్పుడు గూడ అదే మాట" అంది ఆమె చుట్టాల వైపు తిరిగి. ఒక ముసలాయన లేచి నాకు కుర్చీ వేశాడు. మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, అందరికంటే ముందు నాకే వడ్డించారు. తిన్నాను. తినకపోతే ఆమె నొచ్చుకుంటుందని తిన్నాను.

బయలుదేరేటప్పుడు వదినె చిన్న గుడ్డమూట ఒకటి నా చేతిలో పెట్టింది. "పనిసామాను మొత్తం పారేసిండు గని ఇది దాచిండు. నీకే ఇయ్యమన్నడు" అంది. బస్సెక్కి సీట్లో కూర్చున్నాక విప్పాను. ఎర్ర మూత. హార్డ్‌నర్ కొలిచే మూత.

తమ్ముళ్లారా, పొర తెగితే పొడి కాగితం పట్టండి, నార తడిస్తే ఎండనివ్వండి. ఇవి ఎవరైనా చెబుతారు. నేను చెప్పవలసింది వేరే ఉంది. నేను చెప్పిన నిజాన్ని ఆ ఇంట్లో నా మంచితనం కింద జమకట్టుకున్నారు. అక్కడ నేనింక ఎన్నటికీ చెడ్డవాణ్ణి కాలేను. అందుకే ఆ ఇంటివాళ్లు కాని మీకు చెబుతున్నాను. ఆ మేస్త్రి చెయ్యి ఆఖరి ముక్కదాకా తప్పలేదు.

బస్సు హనుమకొండ దిక్కు తిరిగాక మూతను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. లోపలి అంచున ఇన్నేళ్లకు కూడా హార్డ్‌నర్ వాసన సన్నగా అంటుకొని ఉంది. నాకు తెలిసింది. నా ముక్కు మంచిగానే పనిచేస్తోంది. ఆ రోజు కూడా మంచిగానే పనిచేసింది.